అయిదు పిల్లుల మచ్చు

అది పందొమ్మిదివందల యాభై ఆరో, యాభై ఏడో. ఆదోని పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా చేరి మూడేండ్లు అయింటుంది. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోవద్దండి. రెండు గదులు, ఒక వరండా, ఆ వరండా ముందర ఎద్దులను నిలబెట్టి మందు పోసేదానికి దుంగలతో కట్టిన చట్రం, అంతే. దాన్ని ట్రెవిస్ అంటారు. చలి తగ్గి పత్తి మిల్లులు జోరుగా ఆడే రోజుల్లో దూది నూగు లేచి ఊరంతా తేలుతుండేది. ఎద్దుల కొమ్ముల మీద, మనుషుల కనుబొమ్మల మీద, చివరికి టీ గ్లాసులో కూడా. పొద్దుటెండలో అది మెల్లగా దిగుతాంటే నిద్రలో నడుస్తున్నట్టు ఉండేది నాకు. నేను మద్దికెర వాణ్ణి. మా ఊళ్ళో పైనుంచి దుమ్ము తప్ప ఇంకేమీ రాలేది కాదు.

ఆ ఏడే మాకు ఒక ఇత్తడి మైక్రోస్కోపు వచ్చింది. దాన్ని తుడిచే గుడ్డను కూడా ఎవరినీ తాకనిచ్చేవాణ్ణి కాను. పరీక్ష చాలా సులభం. పశువు పేడలో ఆవగింజంత తీసి, ఉప్పునీటి చుక్కలో కలిపి, స్లైడు అనే గాజుపలక మీద పూసి, పైన కవర్‌స్లిప్ అనే పలచని గాజురేకు మూయాలి. కిందున్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండ పట్టుకోవాలి. అప్పుడు కన్ను ఆనిస్తే నిండు చందమామ లాంటి వెలుగులో ఒక లోకం కనిపిస్తుంది. కడుపులో పురుగులుంటే వాటి గుడ్లు అందులో తేలుతుంటాయి. వాటిని ఓవా అంటాము. ఒకటీ అరా ఉంటే ఒక ప్లస్, బాగా ఉంటే రెండు, నిండుగా ఉంటే మూడు. ఏమీ లేకుంటే నిల్. నేను ఆ వెలుగులోకి చూస్తూ చూస్తూ వరండాలో ఎద్దు అరుస్తున్నా వినిపించుకునేవాణ్ణి కాదని డాక్టరుగారు తిట్టేవారు.

ఒక పొద్దు సంగప్ప శెట్టి తనే నడుచుకుంటూ వచ్చినాడు. పత్తి వ్యాపారంలో పేరున్న సావుకారు. అంతటివాడు ఎద్దుల కోసం కూడా ఎప్పుడూ మా గడప తొక్కలేదు, గుమాస్తాను పంపేవాడు. ఆ రోజు బెంచీ మీద కూర్చుని కండువాతో మొగం తుడుచుకున్నాడు.

"కాంపౌండరప్పా, పిల్లులకు గూడా పరీక్ష చేస్తారంట గదా?"

"చేస్తాము సావుకారూ. ఏమయింది?"

"మా అమ్మకు ఒక పిల్లి ఉండాది. అమ్మకు సూపు పోయి ఇరవై ఏండ్లు. పొద్దు లేసినప్పటినుంచీ అది ఆమె ఒళ్ళోనే. ఇప్పుడు కోడలు కాన్పు అయి కౌతాళంలో పుట్టింటి నుంచి పసిబిడ్డతో వచ్చింది. ఆ పిల్లి రెండుసార్లు కక్కింది, దగ్గుతాండాది. దాని రోగం బిడ్డకు తగులుతాదని ఇంట్లో ఒకటే గలాటా. అమ్మేమో, పిల్లిని తీసేస్తే నన్ను గూడా తీసేయండ్రా అంటాది."

ఆయన నలిగిపోయినాడని చూస్తూనే తెలిసింది. చివరికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేసినాడంట. పరీక్షలో బాగుందని కాయితం వస్తే పిల్లి జోలికి ఎవ్వరూ రాకూడదు. బాగలేదని వస్తే అమ్మ అడ్డుపడకూడదు. ముసలామె ఒప్పుకున్నది. అంటే ఆమె ఒళ్ళో పిల్లి ఉండేదీ పోయేదీ నేను రాసిచ్చే కాయితం మీద ఉంది.

"అయితే పిల్లిని తీసుకొని రండి" అన్నాను.

"ఎట్లప్పా? అంగడి ముందర నుంచే గదా రావల్ల. బేరానికి వచ్చినోళ్ళు కూర్చోనుంటారు. పిల్లి ఎదురైతే ఆ పొద్దు ఒక్కడు గూడా బేరం సెయ్యడు."

అదీ నిజమే. సరే, దాని మలం కొంచెం డబ్బాలో పంపించమన్నాను. పొద్దునదే కావాలి, ఆరిపోకూడదు అని మాత్రం గట్టిగా చెప్పినాను. నాకూ అదే హాయి. పిల్లి రక్కుడు తప్పుతుంది, నా మైక్రోస్కోపుకు పని దొరుకుతుంది.

మరుసటి పొద్దు ఆయన గుమాస్తా వీరన్న నశ్యం డబ్బా ఒకటి రెండు చేతులా పట్టుకొని వచ్చినాడు. బక్కపలచని మనిషి, ముప్ఫై ఏండ్లుగా ఆ అంగట్లోనే ఉన్నాడు. డబ్బాను బల్ల మీద దేవుడి ప్రసాదం పెట్టినట్టు పెట్టి, "బాగా సూడు సార్, అవ్వ అన్నం తినకుండా కూర్చుంది" అన్నాడు.

బాగానే చూసినాను. కన్ను ఆనించగానే ఓవా, ఓవా, ఓవా. మందపాటి పెంకుతో గుండ్రంగా, చందమామ నిండా. నాకు సంతోషం వేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ వేసింది. అంత స్పష్టమైన స్లైడు అప్పటివరకూ నాకు దొరకలేదు. డాక్టరుగారు గొంతువాపు టీకాల పని మీద తుగ్గలి వైపు క్యాంపు పోయినారు. ఆయన వచ్చేదాకా ఆగవచ్చు. ఆగలేదు. ఓవా, మూడు ప్లస్ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి నేనే సంతకం చేసినాను. అడుగున చిన్నగా, మందు ఇస్తే పోతాయి అని కూడా రాసినాను. ఆ చిన్న అక్షరాలను ఎవరూ చదవలేదు.

ఇక్కడ పత్తి వ్యాపారం పద్ధతి ఒకటి చెప్పాలి. సరుకు వచ్చినప్పుడు మూటలన్నీ విప్పి చూడరు. ఈ మూటలో పిడికెడు, ఆ మూటలో పిడికెడు తీసి ఒక తువ్వాలలో కలుపుతారు. అదే మచ్చు. మచ్చు బాగుంటే సరుకంతా బాగున్నట్టే. మచ్చు తిప్పికొట్టినారంటే ఆ సరుకు పొద్దుమునిగేలోపల బండెక్కి వెళ్ళిపోవాల్సిందే, అంగట్లో ఉండనివ్వరు. శెట్టి పుట్టినప్పటినుంచీ అదే మర్యాదలో పెరిగినాడు. నా కాయితం అందిన సాయంత్రమే పిల్లిని గోనెసంచిలో కట్టించి, నూలు తీసుకొని ఎమ్మిగనూరు పోయే బండి మీద పెట్టించినాడు. పిల్లిని చంపితే మహాపాపమని మా వైపు ఎవరూ చేయిచేసుకోరు, ఇట్లా ఊరు దాటిస్తారు. ముసలామె మాట ఇచ్చింది కాబట్టి నోరెత్తలేదు.

మూడో రోజు వీరన్న మళ్ళీ వచ్చినాడు.

"సార్, తక్కిన నాలుగింటికీ మందు ఎప్పుడిస్తావు?"

"ఏ నాలుగింటికి?"

"గోడౌన్లో ఎలుకల కోసం పెట్టుకున్న పిల్లులు సార్. వాటికీ పురుగులుండాయి గదా. మచ్చులో వచ్చినాయి గదా."

నా చేతిలో సీసా బల్ల మీద పెట్టేసినాను. "వీరన్నా, ఆ డబ్బాలో నువ్వు తెచ్చింది ఎవరిది?"

"అయిదు పిల్లులదీ సార్. తలా కొంచెం తీసి బాగా కలిపి తెచ్చినా." వాడి మొగంలో పనిమంతుడి గర్వం. "ఒక్కదానిదే తెస్తే అది మచ్చెట్లయితాది? ఇంట్లో అందరూ అవ్వ పిల్లి మీదనే పడి ఏడుస్తాండారు. దానికి అన్యాయం జరగగూడదని అన్నిటిదీ కలిపినా."

"నీ మచ్చు మన్నుగాను!" అని అరిచినాను. వరండాలో ఎద్దు కూడా తల తిప్పింది. "ఇది పత్తి కాదురా సామీ! ఆ గుడ్లు ఏ పిల్లివో బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు!"

వాడికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థం అయినాక అక్కడే మెట్టు మీద కూలబడినాడు. "అంటే దాన్ని నేనే పంపించేసినానా సార్?" అని ఒకటే అడుగుతున్నాడు. తిట్టింది వాణ్ణే కానీ నాకు లోపల తెలుసు. డబ్బా చేతికి తీసుకున్నప్పుడు, ఇది ఏ పిల్లిది, ఎవరు తీసినారు, ఎట్లా తీసినారు అని ఒక్క ముక్క అడిగింటే సరిపోయేది. అడగలేదు. ఆ పిల్లి మొగం కూడా నేను చూడలేదు.

ఆ సాయంత్రం వీరన్నను వెంటబెట్టుకొని శెట్టి ఇంటికి పోయినాను. నడవలో స్తంభానికి ఆనుకొని ముసలామె కూర్చోనుంది. పేరు బసమ్మ, అందరికీ బసమ్మవ్వే. ఒళ్ళో ఏమీ లేదు, కానీ కుడిచెయ్యి ఒడిమీద మెల్లగా ముందుకూ వెనక్కూ పోతాంది. వీధి కిటికీలోంచి దూది నూగు వచ్చి ఆమె చేతిమీద వాలుతాంది, లేస్తాంది. నేను జరిగిందంతా దాచకుండా చెప్పినాను. శెట్టి తల పట్టుకున్నాడు. అవ్వ నా గొంతు వచ్చే వైపు మొగం తిప్పింది.

"అయితే నా దూదికి రోగం ఉండాదో లేదో నీకు తెలీదా నాయనా?"

"తెలీదవ్వా."

"తెలీకుండానే రాసిచ్చినావా?"

దూది అనేది ఆ పిల్లి పేరని అప్పుడే తెలిసింది. శెట్టి లేచి, "అమ్మా, దొరికితే తెప్పిస్తా. మళ్ళీ పరీక్ష చేయిస్తా, ఈసారి దానిదొక్కదానిదే. బాగుంటే నీ ఒళ్ళోనే ఉంటాది" అన్నాడు. అవ్వ ఊ కొట్టింది. బయటికి వచ్చినాక వీరన్నను ఆనవాళ్ళు అడిగినాను. తెల్లగా ఉంటుంది, తోక మాత్రం నలుపు, మధ్యస్తం పిల్లి అన్నాడు. శెట్టీ అదే చెప్పినాడు. చీటీ మీద రాసుకున్నాను. బండివాణ్ణి కూడా అడిగినాను. ఎమ్మిగనూరులో సాలెవాళ్ళ వీధి మొదట్లో సంచి విప్పినాడంట, అది ఒక్క దూకు దూకి గోడ ఎక్కి పోయిందంట.

ఎమ్మిగనూరుకు నేను వారానికొకసారి క్యాంపు పోయేవాణ్ణి. ఆ వారం గొర్రెలకు మందు పోయడం తొందరగా ముగించి సాలెవీధుల్లో పడినాను. మధ్యాహ్నం ఎండ. ప్రతి ఇంట్లోనూ మగ్గం. టకటక, టకటక అని వీధంతా ఒకటే సద్దు, కొంచెం సేపటికి అది మన గుండెలోంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. గంజి పెట్టిన పడుగు దారాలు వీధి పొడుగునా ఎండలో చాచి ఉన్నాయి, ఎర్రవి, పచ్చవి. వాటి మధ్య సంచి భుజానికి తగిలించుకొని నేను, "దూదీ, దూదీ" అని పిలుచుకుంటూ పోతున్నాను.

"ఏమప్పా, దూది అమ్ముతావా, కొంటావా?" అని ఒకాయన మగ్గంలోంచి తల బయటపెట్టినాడు. వీధంతా నవ్వు. నేనూ నవ్వినాను, ఏం చేస్తాను?

వీధి చివర లక్ష్మక్క అనే ఆమె ఇంట్లో కనిపించింది. మగ్గం గుంత పక్కన, నూలు చుట్టిన కండెల బుట్టకు ఆనుకొని, తెల్లని పిల్లి. తోక నలుపు. "దూదీ" అన్నాను. తల తిప్పి చూసింది. ఏ పిల్లయినా సద్దు వస్తే తల తిప్పుతుందని నాకు తోచలేదు.

"ఇది నీదేనా అక్కా?"

"నాదేమీ కాదప్పా. పది దినాలయింటాది, యాడనుంచో వచ్చి ఈడ పడుకుంది. ఎలుకలు గంజి నూలు కొరికేస్తాండె. ఇది వచ్చినంక ఒక్కటీ లేదు." ఆమె కండెలు చుడుతున్న చెయ్యి ఆపలేదు. దూది ఊరు దాటి పది దినాలు కాలేదని నేను లెక్క చూసుకోలేదు. నేను అవ్వ సంగతి చెప్పినాను. చూపు లేని మనిషి అనగానే చెయ్యి ఆగింది. లేచి లోపలినుంచి మూతబుట్ట తెచ్చింది. పిల్లిని తనే అందులో పెట్టి, మూతను నూలుతాడుతో తనే కట్టింది.

బస్సులో కండక్టరు బుట్టలో ఏముందని అడిగితే మందులు అన్నాను. మందులు మియావ్ అన్నాయి. వెనక సీట్లో ఇద్దరు దిగిపోతామన్నారు. బతిమాలి కూర్చోబెట్టినాను. కిటికీ బయట నల్లరేగడి చేలు, పగిలిన పత్తికాయలు, తుమ్మచెట్ల ముండ్లకు పట్టుకున్న దూది పోగులు. బుట్ట నా ఒళ్ళో వెచ్చగా ఉంది. ఆ దారిలో ఎంత హాయి అనిపించిందో నేను చెప్పలేను. తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను.

మరుసటి రోజు నా కళ్ళముందరే దాని మలం తీసి స్లైడు చేసినాను. వెలుగు తప్ప ఏమీ లేదు. డాక్టరుగారూ చూసినారు. నిల్ అని రాసి ఆయనే సంతకం చేసినారు. అంగడి మూసినాక పిల్లిని శెట్టి ఇంటికి తీసుకపోయినాను. ఇంటిల్లిపాదీ నడవలో నిలబడినారు. కోడలు బిడ్డను ఎత్తుకొని తలుపు దగ్గర నిలబడింది. వీరన్న చేతులు కట్టుకొని గోడకు అతుక్కుపోయినాడు. నేను కాయితం చదివి పిల్లిని అవ్వ ఒళ్ళో పెట్టినాను.

ఆమె చెయ్యి వీపుమీద పోయింది, తోకదాకా పోయింది, మళ్ళీ పైకి వచ్చి ఎడమచెవి దగ్గర ఒక గడియ ఆగింది. తర్వాత, "వచ్చినావా తల్లీ" అన్నది. శెట్టి కండువా కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. వీరన్న ఏడ్చేసినాడు. నాకు కాఫీ ఇచ్చినారు, బెల్లం ఉండలు ఇచ్చినారు. నేను ఇంటికి పోయి కడుపునిండా నిద్రపోయినాను.

వారం తర్వాత అవ్వ నన్ను పిలిపించింది. పిల్లికి బాగలేదేమో అనుకొని మందుల సంచి తీసుకొని పోయినాను. నడవలో ఎవ్వరూ లేరు. పిల్లి ఆమెకు కొంచెం దూరంగా, గడప మీద కూర్చొని వీధి వైపు చూస్తాంది.

"దగ్గరికి రా నాయనా" అన్నది అవ్వ. గొంతు తగ్గించింది. "ఇది నా దూది కాదు."

మందుల సంచి కింద పెట్టేసినాను.

"మరి ఆ పొద్దు చెప్పలేదేమవ్వా?"

"ఎట్ల సెప్పేది? వీరన్న ఊపిరి బిగబట్టుకొని నిలబడినాడు, నాకు ఇనపడుతాంది. నా కొడుకూ అంతే. నువ్వు కాయితం సదివేటప్పుడు నీ గొంతు వణికింది. కాదు అని ఏ నోటితో అందును? ఇది గూడా పాపం గడగడ వణుకుతాండె. ఒళ్ళో పెట్టుకుంటి."

"ఎట్లా కనుక్కున్నావవ్వా?"

"చెవి. చిన్నప్పుడు పొయ్యికాడ నిప్పు మీదపడి దూదికి ఎడమచెవి కొస కాలి చీలిపోయింది. ఇంట్లో ఎవురికీ తెలీదులే. వాళ్ళకు కండ్లుండాయి, తెలుపూ నలుపూ సూసుకుంటారు. నాకు తెలుపేందో నలుపేందో? మెత్తగుంటాదని దూది అని పెట్టినా." ఆమె మొగం నా వైపు తిప్పింది. "నన్ను ఒక్క మాట అడిగింటే సెప్పింటి గదప్పా."

నాకు ఏడుపు వచ్చింది. అందరినీ అడిగినాను. శెట్టిని, వీరన్నను, బండివాణ్ణి. ఆ పిల్లిని రోజంతా ఒళ్ళో పెట్టుకున్న మనిషి లోపల నడవలోనే కూర్చోనుంటే, గుడ్డిది, ఆనవాళ్ళు ఏం చెబుతుందిలే అనుకున్నాను. అనుకున్నానని కూడా అప్పుడు నాకు తెలియదు.

"క్షమించవ్వా" అన్నాను.

"అదట్లుండనీ. దీన్ని ఎవురింట్లోంచి తెచ్చినావు?"

"సాలెవాళ్ళ ఇంట్లోంచి. లక్ష్మక్క అని."

"ఇచ్చేటప్పుడు ఏమన్నది?"

"ఏమీ అనలేదవ్వా. బుట్ట మూత తనే కట్టింది."

"అయితే నువ్వు పోయినాక ఏడ్చింటాది" అన్నది అవ్వ. "దీన్ని తీసుకపోయి ఆ యమ్మకు ఇచ్చేయి. ఒళ్ళో లేకుండా ఉండేది ఎట్లుంటాదో నాకు తెలుసు. ఇంట్లో వాళ్ళకు నేను సెప్పుకుంటాలే, మళ్ళీ యాడికో పోయిందని."

"నీకు ఇది కూడా లేకుండా పోతుంది గదవ్వా?"

"ఇది ఉంటే మాత్రం దూది వచ్చినట్టా?"

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. నా చూపుడు వేలును తీసుకొని తన ఎడమచెవి కొసకు ఆనించింది. గోటితో కొంచెం కింద గీత గీసినట్టు చూపించింది. "ఈడ. ఇంత చీలింటాది. ఈసారి చేత్తో సూడు" అన్నది.

పిల్లిని లక్ష్మక్కకు తిరిగి తీసుకపోయి ఇచ్చినాను. బుట్ట మూత తీయగానే అది ఒక్క దూకులో పోయి కండెల దగ్గర పడుకుంది. ఆమె మగ్గం వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో నేను ఉన్నన్నాళ్ళూ ఏ డబ్బా వచ్చినా మూత తీయకముందే మూడు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఇది ఏ పశువుది? ఎవరు తీసినారు? దానికి రోజూ మేత పెట్టే చెయ్యి ఎవరిది? ఆ మేత పెట్టే మనిషి రాకుంటే డబ్బా తిప్పి పంపించేవాణ్ణి. కాంపౌండరుకు తిక్క అనేవాళ్ళు. అననీ.

అవ్వ ఇంకో రెండేండ్లు బతికింది. ఎమ్మిగనూరు క్యాంపునుంచి వచ్చిన ప్రతిసారీ ఆ నడవలోకి పోయేవాణ్ణి. నా చెప్పుల సద్దు వినగానే చెయ్యి ముందుకు చాపి, "సూసినావా?" అనేది. "సూసినానవ్వా, నాలుగు తెల్లవి. ఎడమచెవులు నాలుగూ బాగుండాయి" అనేవాణ్ణి. "సరేలే, వచ్చే వారం సూడు" అనేది. అబద్ధం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చేత్తో తడిమి చూసిందే చెప్పేవాణ్ణి.

దూది కడుపులో పురుగులు ఉండినాయో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. ఉద్యోగం మానేసి చాలా ఏండ్లయింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా తెల్లపిల్లి వచ్చి కాళ్ళకు రాసుకుంటే వంగి ఎత్తుకుంటాను, నా వేలు ముందు దాని ఎడమచెవి కొసకే పోతుంది.